రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత, ప్రయాణం ఎన్ని గంటలు: మీరే లెక్కగట్టుకునే పద్ధతి

దుబాయ్‌లో ఉన్న చెల్లి దగ్గరికి అమ్మ మొదటిసారి ఒక్కతే బయల్దేరుతున్నప్పుడు టికెట్ ముందేసుకుని నన్ను నిలదీసింది. "నాలుగు గంటల ప్రయాణమన్నావు. ఇక్కడేమో పదింటికి ఎక్కితే పన్నెండూ ఇరవై అయిదుకి దిగుతానని ఉంది. రెండున్నర గంటలే కదరా?" తిరుగు టికెట్ తీస్తే ఇంకో చిక్కు. రాత్రి తొమ్మిదిన్నరకి అక్కడ బయల్దేరి తెల్లవారుజామున 2:25కి శంషాబాద్‌లో దిగడం. అంటే దాదాపు అయిదు గంటలు. "అటు రెండున్నర, ఇటు అయిదు. వచ్చేటప్పుడు విమానం మెల్లగా వస్తుందా ఏంటి?"

జరిగేది దీనికి తలకిందులు. వెళ్లేటప్పుడు దాదాపు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర కంటే తక్కువ. ఆ సాయంత్రం కాగితం మీద వేసి చూపించిన లెక్కనే ఇక్కడ విడమర్చి రాస్తున్నాను. కావలసినవి ఒక కాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, ఇంట్లో ఉంటే పిల్లల గ్లోబు. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. దూరం కాగితం మీద దాదాపు ఖచ్చితంగా తేలుతుంది. సమయం అలా తేలదు, అంచనాగానే వస్తుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే అసలు గందరగోళమంతా.

మొదటి మెట్టు: ఏ ఊరు అని కాదు, ఏ విమానాశ్రయం అని

దూరం లెక్క ఊరి నుంచి ఊరికి కాదు, రన్‌వే నుంచి రన్‌వేకి. కాబట్టి ముందు టికెట్ మీద ఉండే మూడక్షరాల కోడ్ చూడండి. హైదరాబాద్ అంటే హెచ్-వై-డి, అది శంషాబాద్. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా ఇదే కోడ్ బేగంపేటకి ఉండేది. ఇప్పుడు బేగంపేటది బి-పి-ఎం. పాకిస్తాన్‌లోని సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్-డి-డి. ఏదైనా సైట్‌లో ఊరి పేరు కొట్టి, మొదట కనిపించినదాని మీద నొక్కేస్తే ఒక్కోసారి లెక్క సింధ్ నుంచి మొదలవుతుంది.

విదేశాల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. డాలస్‌లో మనవాళ్లు దిగే పెద్ద విమానాశ్రయం డి-ఎఫ్-డబ్ల్యు. డి-ఎ-ఎల్ అని కొడితే ఊళ్లోనే ఉన్న లవ్ ఫీల్డ్ వస్తుంది. దుబాయ్‌కి డి-ఎక్స్-బి, డి-డబ్ల్యు-సి అని రెండున్నాయి. లండన్ అంటే హీత్రోనా, గాట్విక్కా, స్టాన్‌స్టెడ్డా అని అడగాల్సిందే. దూరంలో పెద్ద తేడా రాకపోవచ్చు గానీ, మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి మాత్రం చాలా తేడా.

రెండో మెట్టు: అక్షాంశం, రేఖాంశం రాసుకోవడం

గూగుల్ మ్యాప్స్‌లో విమానాశ్రయం మీద కంప్యూటర్‌లో అయితే కుడి బటన్ నొక్కండి, ఫోన్‌లో అయితే వేలు కాసేపు ఆనించి ఉంచండి. రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. ఈ వ్యాసంలో వాడేవి ఇవి:

శంషాబాద్: 17.240 ఉత్తరం, 78.429 తూర్పు
ఢిల్లీ: 28.566 ఉత్తరం, 77.103 తూర్పు
గన్నవరం: 16.530 ఉత్తరం, 80.797 తూర్పు
విశాఖపట్నం: 17.721 ఉత్తరం, 83.225 తూర్పు
దుబాయ్: 25.253 ఉత్తరం, 55.364 తూర్పు
డాలస్–ఫోర్ట్‌వర్త్: 32.897 ఉత్తరం, 97.038 పడమర

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. కొన్నిచోట్ల శంషాబాద్ అక్షాంశం 17 డిగ్రీల 14 నిమిషాల 25 సెకన్లు అని ఉంటుంది. దాన్ని 17.1425 అని క్యాలిక్యులేటర్‌లో కొట్టేస్తారు. అది తప్పు. గడియారంలో లాగే డిగ్రీకి అరవై నిమిషాలు, నిమిషానికి అరవై సెకన్లు. 14ని 60తో, 25ని 3,600తో భాగించి రెండూ 17కి కలపాలి. అప్పుడు 17.240 వస్తుంది. ఈ ఒక్క పొరపాటుకే లెక్క దాదాపు 11 కిలోమీటర్లు పక్కకి పోతుంది.

మూడో మెట్టు: దగ్గరి దూరాలకి బడి లెక్క

భూమి చుట్టుకొలత సుమారు 40,030 కిలోమీటర్లు. దాన్ని 360 డిగ్రీలకి పంచితే డిగ్రీకి 111.2 కి.మీ. ఉత్తర దక్షిణాలుగా వెళ్తే ఈ కొలత ఎక్కడైనా దాదాపు ఒకటే. తూర్పు పడమరలుగా వెళ్తే మాత్రం కాదు. రేఖాంశాలన్నీ ధ్రువం దగ్గర ఒకే చోట కలుస్తాయి కదా, పైకి పోయేకొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతుంది. ఒక డిగ్రీ రేఖాంశం శంషాబాద్ దగ్గర 106 కి.మీ. ఉంటే, ఢిల్లీ దగ్గరికొచ్చేసరికి 98కి పడిపోతుంది. ఎంత తగ్గాలో చెప్పేది ఆ అక్షాంశపు కొసైన్ విలువ (క్యాలిక్యులేటర్‌లో cos బటన్).

శంషాబాద్ నుంచి ఢిల్లీకి వేద్దాం. అక్షాంశాల తేడా 11.326. రేఖాంశాల తేడా 1.326. రెండు అక్షాంశాల సగటు 22.9, దాని కొసైన్ 0.921. రేఖాంశాల తేడాని దీంతో గుణిస్తే 1.22. ఇప్పుడు ఒక లంబకోణ త్రిభుజం ఊహించుకోండి: నిలువు భుజం 11.326, అడ్డ భుజం 1.22. పైథాగరస్ చెప్పినట్టు వర్గాలు కూడితే 128.28, 1.49 కలిపి 129.77. వర్గమూలం 11.39. దాన్ని 111.2తో గుణిస్తే 1,267 కి.మీ.

ఇంతే. ఆన్‌లైన్ సైట్లలో చూస్తే నాలుగైదు కిలోమీటర్లు అటూ ఇటూ కనిపించవచ్చు. భూమి పక్కా గుండ్రం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357. ఆ నొక్కుని లెక్కలోకి తీసుకున్న సైట్‌కీ, తీసుకోని సైట్‌కీ అర శాతం దాకా తేడా వస్తుంది. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. విమానం రన్‌వే కోసం కొట్టే ఒక్క చుట్టులో అంతకన్నా ఎక్కువ పోతుంది.

ఇదే పద్ధతిలో గన్నవరం–శంషాబాద్ 264 కి.మీ., శంషాబాద్–విశాఖ 511 కి.మీ. వస్తాయి. వేసి చూసుకోండి, చెయ్యి తిరుగుతుంది. దుబాయ్‌కి కూడా ఇది పనిచేస్తుంది, 2,551 వస్తుంది. నాలుగో మెట్టులో చెప్పే గుండ్రటి భూమి లెక్కలో అయితే 2,546. అయిదు కిలోమీటర్ల తేడా అంటే లేనట్టే.

అమెరికాకి వేస్తే మాత్రం ఈ లెక్క నిలువునా ముంచుతుంది. శంషాబాద్ నుంచి డాలస్‌కి ఇలాగే కడితే దాదాపు 17,760 కి.మీ. వస్తుంది. అసలు దూరం దానికంటే మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు తక్కువ. ఎందుకో తెలియాలంటే గ్లోబు దగ్గరికి వెళ్లాలి.

నాలుగో మెట్టు: దారం, గ్లోబు, ఉత్తర ధ్రువం

గోడకి వేలాడే ప్రపంచ పటం మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి స్కేలు పెట్టి గీస్తే గీత ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ దాటి పోతుంది. అది చదును చేసిన కాగితం చెప్పే అబద్ధం. గ్లోబు తీసుకుని, దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం తనంతట తానే పైకి జారి ఉత్తర ధ్రువం పక్కన ఆగుతుంది. మన రేఖాంశం 78 తూర్పు, డాలస్‌ది 97 పడమర. రెండూ కలిపితే 175 డిగ్రీలు. అంటే డాలస్ భూమికి దాదాపు సరిగ్గా అవతలి వైపు రేఖ మీద ఉంది. అవతలికి పోవడానికి నెత్తి మీదుగా పోవడమే దగ్గర దారి. ఆ దారి 85 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కుతుంది, ధ్రువానికి అయిదు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది. మొదటిసారి ఈ దారం పరీక్ష చేసినప్పుడు జారిందేమో అనుకుని రెండుసార్లు మళ్లీ బిగించాను.

30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు అయితే దాని నడుము కొలత 94 సెం.మీ. కాబట్టి ఒక సెంటీమీటరుకి దాదాపు 425 కి.మీ. డాలస్ దారం స్కేలు మీద పెడితే 34 సెం.మీ. వస్తుంది. దుబాయ్ దారం ఆరు. పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

అంకెల్లో కావాలంటే ఫోన్‌ని అడ్డంగా తిప్పండి, చాలా ఫోన్లలో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ వస్తుంది. అది డిగ్రీల్లో ఉందో లేదో ముందు తేల్చుకోండి. 60కి కొసైన్ అడిగితే 0.5 రావాలి. రాకపోతే అది రేడియన్లలో ఉన్నట్టు, మార్చుకోవాలి. తర్వాత ఇలా:

ఒకటి, రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి. 0.2964 × 0.5431 = 0.1610.

రెండు, రెండు అక్షాంశాల కొసైన్‌లు, రేఖాంశాల తేడా కొసైన్ కలిపి గుణించండి. తేడా 175.467 డిగ్రీలు, దాని కొసైన్ మైనస్ 0.9969. కాబట్టి 0.9551 × 0.8396 × మైనస్ 0.9969 = మైనస్ 0.7994. ఒకటి తూర్పు, ఒకటి పడమర అయినప్పుడు రేఖాంశాలు తీసివేయకూడదు, కూడాలి. కూడితే 180 దాటితే ఆ మొత్తాన్ని 360లోంచి తీసెయ్యండి.

మూడు, రెండూ కలపండి: మైనస్ 0.6384. ఇది ఏ కోణానికి కొసైనో వెనక్కి అడగండి (cos⁻¹ బటన్). 129.68 డిగ్రీలు. 111.2తో గుణిస్తే 14,420 కి.మీ.

ఇదంతా ఎందుకు అనుకునేవాళ్లు గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌కి వెళ్లి రెండు కోడ్‌లూ మధ్యలో ఒక గీతా కొడితే చాలు, పటంతో సహా వచ్చేస్తుంది. గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే వీలు కూడా ఉంది. కానీ ఒక్కసారైనా చేత్తో వేసి చూసినవాళ్లకి సైట్ చెప్పేది తప్పో ఒప్పో ఇట్టే తెలుస్తుంది. కొలమానం కూడా చూసుకోండి. శంషాబాద్–ఢిల్లీ 1,267 కిలోమీటర్లు అంటే 787 మైళ్లు, 684 నాటికల్ మైళ్లు. మూడూ ఒకే దూరం. నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ. పైలట్లు, విమానాల సమాచారం ఇచ్చే చాలా సైట్లు వాడేది ఇదే. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు.

అయిదో మెట్టు: దూరాన్ని గంటల్లోకి మార్చడం

ఇక్కడే అందరూ తొందరపడతారు. జెట్ విమానం గంటకి 830 కిలోమీటర్లు పోతుంది, ఢిల్లీ 1,267, భాగిస్తే గంటన్నర, అయిపోయింది అంటారు. టికెట్ మీద చూస్తే రెండు గంటల పది నిమిషాలో, ఇరవై నిమిషాలో ఉంటుంది. మిగతా నలభై నిమిషాలు ఎక్కడికి పోయాయి?

టికెట్ మీద ఉన్న బయల్దేరే సమయం విమానం గాల్లోకి లేచే సమయం కాదు. చక్రాల అడ్డుదిమ్మలు తీసి విమానాన్ని వెనక్కి నెట్టే సమయం. చేరే సమయం కూడా చక్రం నేలకి తగిలే క్షణం కాదు, అక్కడ గేటు దగ్గర ఆగే సమయం. విమానాలవాళ్లు దీన్ని బ్లాక్ టైమ్ అంటారు.

పదింటి విమానాన్ని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. పదింటికి వెనక్కి నెట్టారు. ఇంజన్లు మొదలై, మెల్లగా రన్‌వే దాకా నడిచి, ముందున్నవి ఎగిరేదాకా ఆగి, తనూ లేచేసరికి 10:15. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. ఢిల్లీ ఉన్నదేమో ఉత్తరాన. కాబట్టి లేచాక తిరిగి ఉత్తరానికి మళ్లాలి. 35,000 అడుగులకి ఎక్కడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఆ ఎక్కే సమయంలో పూర్తి వేగం ఉండదు. తర్వాతే ఆ 830 వేగం. అది కూడా ఎక్కువసేపు కాదు. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు అని పైలట్ల లెక్క. 35,000 అడుగుల నుంచి దిగాలంటే 105 నాటికల్ మైళ్లు, దాదాపు 195 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. ఢిల్లీ రన్‌వేలు కూడా ఇంచుమించు తూర్పు పడమరలే, అక్కడా ఒక మలుపు. రద్దీ ఉంటే గాల్లో చక్కర్లు. పన్నెండు దాటాక దిగి, గేటు దాకా పది పదిహేను నిమిషాలు నేల మీద నడక. విమానసంస్థలు ఆలస్యాలకి ముందే కాస్త వెసులుబాటు కూడా కలుపుకుంటాయి. అందుకే ఒక్కోసారి అరగంట ఆలస్యంగా లేచినా చెప్పిన వేళకే దిగుతుంది.

వీటన్నిటికీ కలిపి నేను వాడే మోటు లెక్క ఇది. దేశంలో తిరిగే జెట్ అయితే దూరాన్ని 800తో భాగించి అరగంట కలపండి. ఢిల్లీ: 1,267ని 800తో భాగిస్తే గంటా ముప్పై అయిదు నిమిషాలు, అరగంట కలిపితే 2:05. టికెట్‌కి దగ్గరగానే ఉంది. విశాఖ: 38 నిమిషాలకి అరగంట కలిపితే 1:08.

ఏటీఆర్ లాంటి పంఖాల విమానమైతే 800 బదులు 500 వేయాలి. గన్నవరం–శంషాబాద్ 264 కి.మీ., అంటే గాల్లో 32 నిమిషాలు, అరగంట కలిపితే గంట దాటుతుంది. చూశారా, దూరానికి పట్టే సమయమూ, నేల మీద పోయే సమయమూ సమానం. ఈ దారిలో జెట్ ఎక్కినా మిగిలేది పావుగంట కూడా ఉండదు. సంచి చెక్ఇన్ చేసి, గంటన్నర ముందు వెళ్లి, శంషాబాద్ నుంచి ఊళ్లోకి ఇంకో గంట ప్రయాణించేవాళ్లకి విజయవాడ నుంచి కారు, విమానం దాదాపు ఒకటే. కనెక్టింగ్ విమానం ఉంటే తప్ప నేనైతే కారే ఎక్కుతాను.

ఖండాలు దాటే పెద్ద విమానాలకి 880తో భాగించి అదే అరగంట కలపండి. అవి కాస్త వేగంగా పోతాయి, పైగా అన్ని వేల కిలోమీటర్లలో ఎక్కడం దిగడం వల్ల సగటు వేగం పెద్దగా తగ్గదు.

ఆరో మెట్టు: గాలి

దుబాయ్ 2,546ని 800తో భాగించి అరగంట కలిపితే 3:40 వస్తుంది. కానీ అమ్మ టికెట్‌లో వెళ్లేటప్పుడు 3:55, వచ్చేటప్పుడు 3:25. నా అంచనా సరిగ్గా మధ్యలో పడింది. ఈ రెండు పావుగంటలూ గాలివి.

భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి పడమరకి వెళ్లే విమానానికి దుబాయే ఎదురొస్తుంది కదా అని మా బాబాయి ఇప్పటికీ వాదిస్తాడు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది బాబాయ్, లేకపోతే మన డాబా మీద గంటకి పదహారు వందల కిలోమీటర్ల గాలి కొట్టేది. అసలు సంగతి, ఆ ఎత్తులో ఉత్తర భారతం మీదా, దానికి పడమరన ఉన్న దేశాల మీదా చలికాలంలో పడమటి గాలి ఒక నదిలా పారుతుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. గట్టిగా ఉన్న రోజున వంద నాట్లు, అంటే గంటకి 185 కి.మీ. దాటుతుంది. తూర్పుకి వచ్చే విమానాన్ని అది వెనకనుంచి తోస్తుంది, పడమరకి పోయేదాన్ని ఎదురు నిలిచి ఆపుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను వేళ బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానమొకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటల పైమాట. వానాకాలంలో ఈ నది ఉత్తరానికి జరిగిపోతుంది, దక్షిణ భారతం మీద పైగాలులు తూర్పు నుంచి వీస్తాయి. అందుకే ఆ నెలల్లో రాకపోకల మధ్య తేడా తగ్గుతుంది.

కాబట్టి మూడు నాలుగు గంటల ప్రయాణమైతే పడమరకి పావుగంట కలపండి, తూర్పుకి పావుగంట తీసెయ్యండి. పన్నెండు గంటలు దాటితే అరగంట నుంచి గంట. ఉత్తర దక్షిణాలుగా పోయే ఢిల్లీ లాంటి దారికి ఏమీ అక్కర్లేదు.

మూసిన దారులు

విమానం మనం గీసిన గీత మీదే పోదు. ఆకాశంలోనూ దారులున్నాయి, సైన్యం మూసి ఉంచే చోట్లున్నాయి, మబ్బులున్నాయి. మామూలుగా ఇవన్నీ కలిసి దూరాన్ని కొద్ది శాతమే పెంచుతాయి. దేశాలు గొడవపడితే మాత్రం లెక్క మారిపోతుంది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానసంస్థలకి మూసేసింది. నెలాఖరుకి మన దేశమూ అదే పని చేసింది. దాంతో ఢిల్లీ నుంచి ఐరోపా, అమెరికా వెళ్లే మన విమానాలు కిందికి అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. శంషాబాద్–దుబాయ్ సూటి దారి ముంబై దగ్గర్లోంచి, సముద్రం దాటి, ఒమన్ మీదుగా పోతుంది కాబట్టి దానికి పెద్దగా తగల్లేదు. మీ దారి ఎవరి నెత్తి మీదుగా పోతోందో దారం పెట్టి ఒకసారి చూసుకోండి.

ఏడో మెట్టు: రెండు గడియారాలు

ఇప్పుడు అమ్మ అడిగిన ప్రశ్న. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. శంషాబాద్ పది గంటలు మన సమయం, దుబాయ్ 12:25 వాళ్ల సమయం. రెండు వేర్వేరు గడియారాల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యకూడదు. ముందు రెంటినీ ఒకే గడియారంలోకి తేవాలి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. వాళ్ల 12:25 అంటే మన 1:55. పదింటి నుంచి 1:55 దాకా 3 గంటల 55 నిమిషాలు. వచ్చేటప్పుడు వాళ్ల రాత్రి 9:30 అంటే మన 11:00. అక్కణ్నుంచి 2:25 దాకా 3 గంటల 25 నిమిషాలు.

దూరదేశాలకి మాత్రం రెంటినీ ప్రపంచ సమయం యూటీసీలోకి మార్చుకోవడం మేలు. మనది యూటీసీకి అయిదున్నర గంటలు ముందు, దుబాయ్ నాలుగు ముందు, సింగపూర్ ఎనిమిది ముందు. డాలస్ చలికాలంలో ఆరు వెనక, ఎండాకాలంలో అయిదే వెనక. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. అరిజోనాలో చాలాచోట్ల జరపరు, కాబట్టి ఫీనిక్స్‌లో బంధువులుంటే అది వేరే లెక్క. బ్రిటన్‌లో మార్చి, అక్టోబర్ ఆఖరి ఆదివారాలు.

జనవరిలో దుబాయ్‌లో తెల్లవారుజామున 2:30కి లేచే విమానం డాలస్‌లో అదే రోజు పొద్దున 8:30కి దిగుతుందనుకోండి. ఆరు గంటలే అనిపిస్తుంది. దుబాయ్ 2:30 అంటే ముందు రోజు 22:30 యూటీసీ. డాలస్ 8:30 అంటే 14:30 యూటీసీ. మధ్య పదహారు గంటలు. మన మోటు లెక్కతో సరిచూద్దాం. దుబాయ్–డాలస్ దాదాపు 12,920 కి.మీ., 880తో భాగిస్తే 14:40, అరగంట కలిపితే 15:10, పడమటి గాలికి ముప్పావు గంట కలిపితే 15:55. అయిదు నిమిషాల తేడాలో కలిసింది.

ఇంకో మాట. నేరుగా పోతే 14,420, దుబాయ్‌లో దిగి పోతే 2,546కి 12,920 కలిపి 15,466. అంటే దిగి ఎక్కడం వల్ల పెరిగే దూరం వెయ్యి కిలోమీటర్లే, గంటా పది నిమిషాల పని. డాలస్ ప్రయాణం ఇరవై మూడు, ఇరవై నాలుగు గంటలు అవుతోందంటే ఆ దోషం దారిది కాదు, దుబాయ్‌లో కూర్చునే నాలుగు గంటలది. టికెట్లు పోల్చేటప్పుడు దూరం కాదు, ఆ మధ్యలో ఆగే సమయాన్ని చూడండి. మరీ తక్కువగా ఉన్నా భయమే, పెద్దవాళ్లకి టర్మినల్ మారడానికే గంట పడుతుంది.

తారీఖు గురించి ఒక హెచ్చరిక

గల్ఫ్ విమానాలు కొన్ని అర్ధరాత్రి దాటాక లేస్తాయి. 15వ తారీఖు 00:40 అని టికెట్ మీద ఉంటే, మీరు ఇంట్లోంచి బయల్దేరాల్సింది 14వ తారీఖు రాత్రి భోజనం చేశాక. మా దగ్గరి బంధువు ఒకాయన 15 రాత్రి తొమ్మిదింటికి సూట్‌కేసులతో శంషాబాద్ గేటు దగ్గర దిగాడు. సీఐఎస్ఎఫ్ జవాను టికెట్ చూసి, ఆయన్ని చూసి, మళ్లీ టికెట్ చూశాడట. "సార్, ఇది పొద్దున్నే వెళ్లిపోయింది." కొత్త టికెట్‌కి పెట్టిన డబ్బు గురించి ఆ ఇంట్లో ఇప్పటికీ మాట్లాడకూడదు. అలాగే చేరే సమయం పక్కన ప్లస్ ఒకటి అని చిన్నగా ఉంటే మర్నాడు అని అర్థం. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి ఆ తారీఖునే చెప్పాలి.

చివరి మెట్టు: నిజంగా ఎంత పడుతోందో చూడటం

లెక్కంతా వేశాక ఫ్లైట్‌రాడార్24లోగానీ ఫ్లైట్‌అవేర్‌లోగానీ మీ విమానం నంబరు కొట్టండి. గత కొద్ది రోజుల్లో అది ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది వరసగా ఉంటుంది. అయిదారు రోజులవి చూసి, మధ్యస్థంగా ఉన్నది తీసుకోండి. ఒక్క రోజు చూసి నమ్మవద్దు, ఆ రోజు వాన పడి ఉండొచ్చు. అక్కడ కనిపించేది గాల్లో ఉన్న సమయమా, గేటు నుంచి గేటుకా అన్నది కూడా గమనించండి. రెండింటికీ మధ్య పాతిక నిమిషాలు తేడా ఉంటుంది.

ఎదురెళ్లేవాళ్లు చూడాల్సింది దిగిన సమయం కూడా కాదు. అంతర్జాతీయ విమానమైతే ఇమిగ్రేషన్, సంచుల బెల్టు, కస్టమ్స్ దాటి బయటికి రావడానికి దిగాక గంట వేసుకోండి. తెల్లవారుజామున ఒకేసారి నాలుగైదు విమానాలు దిగితే ఇంకాస్త.

అమ్మకి మాత్రం ఇదంతా కాకుండా ఒక చీటీ రాసిచ్చాను: "మన టైమ్ 1:55కి దిగుతావు. చెల్లి మన టైమ్ 3 గంటలకి బయట ఉంటుంది." చీటీ బాగానే పనిచేసింది. అయితే ఆవిడ చేతి గడియారం దుబాయ్‌లో ఉన్న నెల రోజులూ తిప్పలేదు. మన లెక్కన ఒంటి గంట కాగానే, అంటే అక్కడ పదకొండున్నరకే, చెల్లి ఇంట్లో కంచాలు పెట్టేసేదట.